క్యాబేజీలో డైమండ్ బ్యాక్ మాత్: మందులు మార్చి మార్చి కొట్టినా పురుగు ఎందుకు చావట్లేదు?

తోటబాట
క్యాబేజీలో డైమండ్ బ్యాక్ మాత్ ఆగట్లేదు. ఆకు వెనక పచ్చదనమంతా గీకేసి పైపొర ఒక్కటే వదులుతోంది. వేలితో తాకితే సన్న పురుగు వెనక్కి మెలికలు తిరిగి, దారం పట్టుకుని కిందికి జారుతోంది. కాబట్టి పురుగు ఏదన్న దాంట్లో అనుమానం లేదు. వరుసగా కొట్టినవి ఎమామెక్టిన్ బెంజోయేట్, అబామెక్టిన్, క్లోరాంట్రానిలిప్రోల్, చివరగా ఫ్లూబెండియమైడ్. ప్రతిసారీ మందు మార్చాను. మూడో రోజుకల్లా మళ్ళీ పురుగు. మందు నకిలీదా, పురుగు మొండికెత్తిందా, కొట్టే తీరులో లోపమా? ఈ మూడింట్లో ఏదో ఎలా తేల్చుకోవాలి?

గుంపు_చూడండి
సీసాలు నాలుగు, గుంపులు రెండే. ఎమామెక్టిన్, అబామెక్టిన్ రెండూ 6వ గుంపు. క్లోరాంట్రానిలిప్రోల్, ఫ్లూబెండియమైడ్ రెండూ 28. ఒకే గుంపు మందులు పురుగు ఒంట్లో ఒకే చోట పనిచేస్తాయి. ఒకదాన్ని తట్టుకున్న పురుగు రెండోదాన్నీ చాలావరకు తట్టుకుంటుంది. పేరు మారింది గానీ మందు మారలేదు.

బెండకాయ్
ఈ గుంపు నంబర్లు ఎక్కడుంటాయి?

గుంపు_చూడండి
చాలా లేబుళ్ళ మీద చిన్న గడిలో అంకె ఉంటుంది. లేకపోతే టెక్నికల్ పేరు పట్టుకుని ఐఆర్‌ఏసీ పట్టికలో చూడాలి. పురుగులు మందులను తట్టుకునే సమస్య మీద కంపెనీల నిపుణులు కలిసి 1984లో పెట్టుకున్న కమిటీ అది. ఎక్కువగా తగిలేవి ఇవి:
1ఏ కార్బమేట్లు, 1బీ ఆర్గానోఫాస్ఫేట్లు
3ఏ సింథటిక్ పైరిథ్రాయిడ్లు
4ఏ ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సమ్, ఎసిటామిప్రిడ్
5 స్పినోసాడ్, స్పినెటోరమ్
6 ఎమామెక్టిన్, అబామెక్టిన్
11ఏ బీటీ (పురుగు కడుపులో పనిచేసే బ్యాక్టీరియా మందు)
13 క్లోర్‌ఫెనాపిర్
15 నోవాల్యురాన్, లుఫెన్యురాన్
22ఏ ఇండాక్సాకార్బ్
28 డయమైడ్లు (క్లోరాంట్రానిలిప్రోల్, ఫ్లూబెండియమైడ్)
బ్రాండు పేరు చూసి మందు మార్చేవాళ్ళు ఈ అంకె రాసిపెట్టుకుంటే సగం గందరగోళం అక్కడే తీరుతుంది. రెడీమేడ్ మిశ్రమాలకు రెండు అంకెలుంటాయి, రెండూ లెక్కలోకే వస్తాయి.

నాజిల్_నాడి
పురుగు మొండికెత్తిందని అప్పుడే తీర్మానించకండి. క్యాబేజీ ఆకు మీద మైనం ఉంటుంది. జిగురు మందు కలపకుండా కొడితే చేమాకు మీద నీటిబొట్టు లాగా దొర్లి పడిపోతుంది. పైగా పురుగుండేది ఆకు అడుగున. నిలబడి పైనుంచి కొడితే అడుగుకు చుక్క కూడా అందదు. ముందు చెప్పండి: ఎకరానికి ఎన్ని ట్యాంకులు పడుతున్నాయి, ఏ నాజిల్, జిగురు మందు కలిపారా?

తోటబాట
16 లీటర్ల ట్యాంకు, ఎకరానికి ఆరు. నాజిల్ ట్యాంకుతో వచ్చిందే. జిగురు మందు కలపలేదు. ట్యాంకుకు ఎంత వెయ్యాలో అంతే వేశాను.

నాజిల్_నాడి
అసలు లెక్క ఇక్కడే తప్పుతుంది. లేబుల్ మోతాదు ఎకరానికి, ట్యాంకుకు కాదు. ఎకరానికి 60 మి.లీ. మందు, 160 లీటర్ల నీళ్ళు అని ఉందనుకుందాం. అంటే పది ట్యాంకులు, ట్యాంకుకు 6 మి.లీ. అదే 6 మి.లీ. చొప్పున ఆరు ట్యాంకులతో ఎకరం ముగిస్తే పొలానికి పడింది 36 మి.లీ. మోతాదు తగ్గించలేదని మనం అనుకుంటాం, మొక్కకు మాత్రం 60 శాతమే చేరింది. అరకొర మోతాదుకు బలహీనమైన పురుగు చస్తుంది, కాస్త తట్టుకోగలిగినది మిగిలి గుడ్లు పెడుతుంది.

మీ నడకకు ఎన్ని నీళ్ళు పడుతున్నాయో ఇలా తేల్చుకోండి. ట్యాంకులో మంచినీళ్ళు పోసి, నాజిల్ కింద కొలపాత్ర పెట్టి ఒక నిమిషం కొట్టండి. 900 మి.లీ. వచ్చిందనుకోండి. మందు కొట్టే వేగంతోనే చేలో ఒక నిమిషం నడిచి దూరం కొలవండి, 40 మీటర్లు అనుకుందాం. ఒక్కసారికి తడిసే పట్టీ వెడల్పు 0.6 మీటరు. ఒక నిమిషంలో తడిసింది 40 × 0.6 = 24 చదరపు మీటర్లు. 0.9 లీటర్లను 10,000తో గుణించి 24తో భాగిస్తే హెక్టారుకు 375 లీటర్లు, ఎకరానికి సుమారు 150. ఇప్పుడు ఎకరా మోతాదును ఈ 150 లీటర్లకు పంచుకోవాలి.

ఇంకొకటి. నాజిల్ అరిగితే రంధ్రం పెద్దదై నీళ్ళు ఎక్కువ పోతాయి, బొట్టు లావవుతుంది. కొత్త నాజిల్ కంటే 10 శాతం ఎక్కువ కారుతోందంటే మార్చెయ్యాలి. సూదితో పొడిచి శుభ్రం చేస్తే రంధ్రం పాడవుతుంది, మెత్తటి బ్రష్ వాడండి.

పెట్రీగిన్నె
పై లెక్కతో పాటు ఒక చిన్న పరీక్ష చేస్తే మొదట అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది. పద్ధతి:

మందు పడని క్యాబేజీ ఆకులు తెచ్చి చేతి వెడల్పు ముక్కలు కోయండి. చేలో కొట్టే చిక్కదనంతోనే ఒక లీటరు మందు నీళ్ళు కలిపి, అందులో రెండు చుక్కల జిగురు మందు వెయ్యండి. ఆకు ముక్కను 10 సెకన్లు ముంచి తీసి నీడన ఆరబెట్టండి. మూతకు సన్న రంధ్రాలున్న డబ్బాలో తడి కాగితం పరిచి, దాని మీద ఆకు పెట్టి, మధ్యరకం సైజు పురుగులు పది వదలండి. ఇలాంటివి నాలుగు డబ్బాలు. జిగురు మందు కలిపిన ఉత్త నీళ్ళలో ముంచినవి ఇంకో నాలుగు. నకిలీ మందు అనుమానం ఉంటే అదే మందు వేరే బ్యాచ్ సీసాతో మరో నాలుగు. అన్నీ నీడలో ఉంచాలి.

ఎమామెక్టిన్, డయమైడ్లకు 72 గంటల తర్వాత లెక్కపెట్టండి. మెత్తటి కుంచెతో తాకితే సరిగ్గా పాకలేని పురుగును చచ్చినట్టే లెక్కవేయాలి. ఉత్త నీళ్ళలోనూ కొన్ని చస్తాయి, వాటిని మినహాయించాలి. ఉత్త నీళ్ళలో 10 శాతం, మందులో 64 శాతం చచ్చాయనుకోండి: 64 లోంచి 10 తీసేస్తే 54. దాన్ని 90తో భాగిస్తే 60 శాతం. అసలు మందు చంపింది అంతే. ఉత్త నీళ్ళలోనే 20 శాతం దాటి చస్తే ఆ పరీక్షను లెక్కలోకి తీసుకోకూడదు.

డబ్బాలో దాదాపు అన్నీ చచ్చి, చేలో చావట్లేదంటే లోపం కొట్టడంలో ఉంది. డబ్బాలోనూ 70, 80 శాతం దాటకపోతే, రెండు బ్యాచులూ అంతే ఉంటే, పురుగు తట్టుకుంటోందని గట్టి అనుమానం. ఒక బ్యాచ్ చంపి ఇంకోటి చంపకపోతే ఆ సీసాను అనుమానించాలి.

రెండాకులు
@తోటబాట మూడో రోజుకు కనిపించినవి బతికినవేనా, కొత్తగా పొదిగినవా? సైజు చూశారా? అన్నీ దారంపోగంత సన్నవైతే అవి గుడ్ల నుంచి వచ్చినవి. రకరకాల సైజులుంటే పాతవి బతికినట్టు. కొట్టే ముందు పది మొక్కలకు గుర్తు పెట్టి, చిన్నవెన్ని పెద్దవెన్ని అని రాసుకుంటేనే ఇది తెలుస్తుంది.

వరిమడి
ఆ మాట చాలా ముఖ్యం. మందు పడిన గంటకే పురుగు రాలాలని చూసి, రాలలేదని మర్నాడు ఇంకో మందు కొట్టేవాళ్ళే ఎక్కువ. డయమైడ్ తిన్న పురుగు కొద్ది గంటల్లో మేత ఆపేస్తుంది, ప్రాణం పోవడానికి రెండు నాలుగు రోజులు పడుతుంది. నోవాల్యురాన్ లాంటివి కుబుసం విడిచేటప్పుడే పనిచేస్తాయి, అప్పటిదాకా పురుగు మామూలుగానే కనిపిస్తుంది. వరి సుడిదోమకు పైమెట్రోజిన్ కొడితే దోమ దుబ్బును పట్టుకునే ఉంటుంది గానీ రసం పీల్చదు, ఆకలితో చస్తుంది. దాన్ని ఐదో రోజు, ఏడో రోజు లెక్కపెట్టాలి. బ్యూప్రోఫెజిన్ పిల్ల దోమల మీదే పనిచేస్తుంది, పెద్ద దోమను చంపదు. ఏ మందు ఎప్పుడు చంపుతుందో తెలియకుండా "పనిచేయలేదు" అనకూడదు.

నీళ్ళతొట్టి
ఎవరూ నీళ్ళ సంగతి ఎత్తలేదు. పీహెచ్ 8 దాటిన బోరు నీళ్ళలో మందు ట్యాంకులోనే విరిగిపోతుంది. సిట్రిక్ యాసిడ్‌తో 5.5, 6.5 మధ్యకు తేవాలి. దాదాపు అన్ని ఫెయిల్యూర్లకూ మూలం ఇదే.

పెట్రీగిన్నె
@నీళ్ళతొట్టి అన్నిటికీ కాదు. క్షార నీళ్ళలో తొందరగా విరిగేవి కొన్ని ఆర్గానోఫాస్ఫేట్లు, కార్బమేట్లు. ఫాస్మెట్ పీహెచ్ 9లో నిమిషాల్లోనే సగమైపోతుంది. కార్బరిల్ పీహెచ్ 7లో వారాలు ఆగుతుంది, 9లో రోజుకే సగమవుతుంది. ఇక్కడ కొట్టిన నాలుగింటిలో ఏదీ ఒక్క పూటలో ట్యాంకులో విరిగిపోయే రకం కాదు. స్పినోసాడ్‌కు పుల్లటి నీళ్ళు అసలు అక్కర్లేదు, పీహెచ్ 6 పైనే బాగా పనిచేస్తుంది. రాగి మందులున్న ట్యాంకులో యాసిడ్ పోస్తే రాగి ఎక్కువ కరిగి ఆకు మాడుతుంది. లేబుల్‌లో ఏముందో చూడకుండా యాసిడ్ పోయకండి.

నీళ్ళతొట్టి
నాలుగింటి సంగతి ఒప్పుకుంటా. కానీ వేప మందు, బీటీ వాడబోతే పీహెచ్ చూడక తప్పదు. వేపలో పనిచేసే అజాడిరక్టిన్ క్షారంలో నిలవదు. బీటీ స్ఫటికం బాగా క్షారమైన నీళ్ళలో కరిగిపోతుంది. అది కరగాల్సింది పురుగు కడుపులో, ట్యాంకులో కాదు. బురద నీళ్ళు కూడా వాడొద్దు, పైరిథ్రాయిడ్లు మట్టి రేణువులకు అతుక్కుని ఆకుకు దక్కవు. ఉప్పు నీళ్ళు, గట్టి నీళ్ళ బెడద గ్లైఫోసేట్ లాంటి కలుపు మందులకు ఎక్కువ. పురుగు మందుల్లో ఈసీ రకాలు (నీళ్ళలో పాలలా కలిసే నూనె మందులు) గట్టి నీళ్ళలో పాలు విరిగినట్టు తేలితే జాగ్రత్తపడాలి.

కలగలుపు
ఇంత తంటా ఎందుకు? రెండు గుంపుల మందులు కలిపి కొడితే ఒకదానికి చావనిది రెండోదానికి చస్తుంది. నిరోధక శక్తి సమస్యే రాదు.

గుంపు_చూడండి
@కలగలుపు కాగితం మీద బాగుంటుంది. అది నిలబడాలంటే రెండూ విడివిడిగా పూర్తి మోతాదులో ఆ పురుగును చంపగలగాలి. రెండూ ఆకు మీద దాదాపు అన్నే రోజులు పనిచేయాలి. ఒకటి మూడు రోజులకు పోయి ఇంకోటి పదిహేను రోజులు నిలిస్తే, మిగతా పన్నెండు రోజులు అది ఒంటరిగా కొట్టినట్టే. జనం చేసేదేమో చెరి సగం మోతాదు కలపడం. దాంతో ఒకేసారి రెండు మందులకు పురుగును అలవాటు చేస్తున్నట్టు. పైగా ఒకదాన్ని పురుగు అప్పటికే తట్టుకుంటుంటే ఆ సగం ఖర్చు దండగ, అది చంపేది మిత్ర పురుగులనే.

కలగలుపు
పూర్తి మోతాదులు రెండూ వేస్తే?

గుంపు_చూడండి
అప్పుడు రెండు గుంపులనూ ఒకే తరం మీద ఖర్చుపెట్టినట్టు. తర్వాతి తరానికి ఏం మిగిలింది? రెండు వేర్వేరు రకాల పురుగులు ఒకేసారి పంటకు నష్టం చేసే హద్దు దాటితే, లేబుల్ అనుమతిస్తే కలపండి. ఒకే పురుగు కోసం వద్దు.

మిరపతోడు
నాకో సందేహం. ప్రతి స్ప్రేకూ గుంపు మార్చాలా? తామర పురుగులకు ఐదారు రోజులకోసారి కొట్టాల్సి వస్తుంది. గుడ్డు ఆకు కణజాలంలో దాగుంటుంది, కోశస్థ దశ ఎక్కువగా మట్టిలో ఉంటుంది, రెంటికీ మందు తగలదు. ఒకే విడత పురుగుకు రెండు మూడు స్ప్రేలు పడతాయి.

గుంపు_చూడండి
మార్చాల్సింది స్ప్రేకు కాదు, తరానికి. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇవాళ 5, వారానికి 28, ఇంకో వారానికి 6 కొట్టారనుకోండి. ఒకే తరం పురుగులు మూడు గుంపులనూ రుచి చూశాయి, వాటి పిల్లలకూ మళ్ళీ అవే మూడు. మూడింటికీ ఒత్తిడి ఆగకుండా పడుతూనే ఉంటుంది.

అలా కాకుండా కాలాన్ని గళ్ళుగా విడగొట్టాలి. ఒక గడి ఒక తరమంత. డైమండ్ బ్యాక్ మాత్‌కు వెచ్చటి వాతావరణంలో రెండు మూడు వారాలు, చలికి ఇంకా ఎక్కువ. ఒక గడిలో ఒకే గుంపు. అవసరమైతే ఆ గడిలో రెండుసార్లు కొట్టొచ్చు, లేబుల్ చెప్పిన గరిష్ఠ సంఖ్య మాత్రం దాటకూడదు. గడి మారగానే గుంపు మారాలి, కనీసం వచ్చే తరం మొత్తం ఆ గుంపు ముఖం చూడకూడదు. రెండు తరాలు వదిలితే ఇంకా మంచిది. నారుమడిలో పోసినదీ, నాటేటప్పుడు వేరు తడిపినదీ మొదటి గడిలోకే వస్తాయి. నారుమడిలో డయమైడ్ పోసి, నాటాక మళ్ళీ డయమైడ్ కొట్టేవాళ్ళు ఉన్నారు.

తెల్లదోమ_వేట
గుంపు నంబరే సర్వస్వం అనుకోవద్దని ఒక మాట. తెల్లదోమలో ఇమిడాక్లోప్రిడ్‌ను విరిచేసే ఎంజైము ఒకటుంది, సీవైపీ6సీఎం1 అంటారు. అదే ఎంజైము పైమెట్రోజిన్‌నూ విరుస్తుంది. ఒకటి 4ఏ, ఇంకోటి 9బీ. గుంపులు వేరైనా అరిగించేది ఒకటే కాబట్టి మార్చినా లాభం ఉండదు. పనిచేసే చోటు మారిపోయి వచ్చే నిరోధకతకు గుంపు పట్టిక బాగా పనికొస్తుంది. పైరిథ్రాయిడ్లు, డీడీటీ ఒకే సోడియం ద్వారం మీద పనిచేస్తాయి గనుక ఆ ద్వారం మారితే రెండూ పోతాయి. అరిగించే రకం నిరోధకతకు మాత్రం పెట్రీగిన్నె గారు చెప్పిన డబ్బా పరీక్షే దిక్కు.

గుంపు_చూడండి
నిజమే. అందుకే కొత్త గుంపులోకి వెళ్ళేముందు కూడా ఆ పరీక్ష చేసి చూడాలి.

వేపగింజ
రసాయనాలన్నీ ఆపేసి వేప మందు, బీటీ వాడితే ఈ గొడవే ఉండదు కదా. ప్రకృతి మందుకు పురుగు అలవాటు పడదు.

పెట్రీగిన్నె
పడుతుంది. పొలంలో బీటీ స్ప్రేను తట్టుకున్న మొదటి పురుగు ఇదే డైమండ్ బ్యాక్ మాత్, హవాయి నుంచి 1990లో నివేదిక వచ్చింది. స్పినోసాడ్ కూడా సూక్ష్మజీవి నుంచి వచ్చినదే. అక్కడే, వాడకం మొదలైన మూడేళ్ళలోపే పట్టు తప్పింది. దాని వాడకం ఆపి, ప్రాంతంలో అందరూ ఒకే వరుసలో వేరే గుంపులకు మారాక గాని దారికి రాలేదు. లైమ్ సల్ఫర్‌ను శాన్ జోస్ పొలుసు పురుగు తట్టుకుంటోందని అమెరికా కీటక శాస్త్రవేత్త మెలాండర్ రాసింది 1914లో, అప్పటికి డీడీటీ కూడా పొలాల్లోకి రాలేదు. మందు ఎక్కడి నుంచి వచ్చిందన్నది పురుగుకు అనవసరం. ఒకే దెబ్బ మళ్ళీ మళ్ళీ పడితే తప్పించుకునే దారి దొరుకుతుంది.

వేపగింజ
సరే. కానీ వాటిని వదిలెయ్యమని మాత్రం చెప్పకండి.

సాలెగూడు
వదలొద్దు, మొదటి గడి వాటికే ఇవ్వాలి. కారణం మిత్ర పురుగులు. నాటిన మొదటి వారాల్లో పైరిథ్రాయిడ్ లాంటి అన్నిటినీ చంపే మందు కొడితే ఈ పురుగు ఒంట్లో గుడ్లు పెట్టి దాన్ని చంపే డయాడెగ్మా, కోటేసియా కందిరీగలు పోతాయి. తర్వాత వచ్చే తరానికి అడ్డు ఉండదు. ఆకు అడుగున వలలాంటి తెల్లటి గూడు చూశారుగా, అది డైమండ్ బ్యాక్ మాత్ కోశం. లోపల పచ్చటి ప్యూపా బదులు గోధుమరంగు బిరుసు గొట్టం కనిపిస్తే డయాడెగ్మా దాన్ని అప్పటికే తినేసింది. ఆకు మీద విడిగా చిన్న తెల్లటి గూడుంటే కోటేసియా కావచ్చు. ఇరవై గూళ్ళు విప్పి చూడండి. సగానికి పైగా ఇలా ఉంటే మందు కొట్టకుండా ఇంకో మూడు రోజులు ఆగి మళ్ళీ లెక్క చూడొచ్చు.

బీటీ పనిచేయాలంటే రెండు షరతులు. పురుగు మొదటి రెండు దశల్లో ఉండాలి, సాయంత్రం కొట్టాలి. ఎండకు రోజుల్లోనే దెబ్బతింటుంది. తింటేనే పనిచేస్తుంది కాబట్టి అడుగు ఆకు తడవాలి. బీటీలో కుర్‌స్టాకీ రకానికి పురుగు లొంగకపోతే ఐజవాయ్ రకం చూడండి, అందులో వేరే విషప్రోటీన్ కూడా ఉంటుంది. వేప మందు పురుగును వెంటనే చంపదు, మేతకు విముఖత పుట్టిస్తుంది, కుబుసం చెడగొడుతుంది. పెద్ద పురుగులు నిండాక కొడితే ఉపయోగం తక్కువ.

తోటబాట
కందిరీగల మాట కొత్తగా ఉంది, గూళ్ళు విప్పి చూస్తాను. జిగురు మందు ఏది, ఎంత? కలిపే వరుస కూడా చెప్పండి.

నాజిల్_నాడి
మైనపు ఆకుకు సిలికాన్ రకం బాగా పరుచుకుంటుంది. 0.05 శాతం అంటే 16 లీటర్లకు 8 మి.లీ. ఇంకా పోస్తే బొట్లన్నీ కలిసిపోయి అంచుల నుంచి కారిపోతాయి, ఆకు మీద మిగిలేది తగ్గుతుంది. ఒక ఆకు మీద కొట్టి చూడండి: పల్చగా పరుచుకుని, అంచు నుంచి కారకపోతే సరిపోయింది. సిలికాన్ రకం మరీ పుల్లటి నీళ్ళలో, మరీ క్షార నీళ్ళలో విరిగిపోతుంది, 6 నుంచి 8 మధ్య ఉంచి కలిపిన పూటే కొట్టెయ్యండి.

కలిపే వరుస: ముందు సగం ట్యాంకు నీళ్ళు. పీహెచ్ సరిచేయాలంటే అప్పుడే. తర్వాత పొడి, గుళిక మందులను విడిగా బకెట్లో కలిపి వడగట్టి పోయాలి. బాగా కలియబెట్టి ఎస్‌సీ రకాలు (సన్నటి పొడి ద్రవంలో తేలుతూ ఉండేవి), ఆ తర్వాత ఈసీలు, నీళ్ళలో కరిగే ద్రవాలు, చివరన జిగురు మందు, పైన మిగతా నీళ్ళు. కొత్త కలయికైతే ముందు ఒక గాజు సీసాలో అదే నిష్పత్తిలో కలిపి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున ముద్ద, పైన జిడ్డు పొర, సీసా వేడెక్కడం, వీటిలో ఏది కనిపించినా ఆ కలయిక ట్యాంకులోకి వద్దు.

రెండాకులు
అడుగు ఆకుకు ఎలా అందించాలో కూడా చెప్పండి, అందరూ అక్కడే ఆగిపోతారు.

నాజిల్_నాడి
బోలు శంకువు నాజిల్ పెట్టి, లాన్స్ (స్ప్రేయర్ గొట్టం) చివర వంపు తిప్పి, కింది నుంచి పైకి కొట్టాలి. గడ్డ కట్టకముందు ఇది తేలిక, గడ్డ మూసుకున్నాక లోపలికి ఏదీ పోదు. అందుకే గడ్డ కట్టేముందు గడి అన్నిటికంటే కీలకం. బొట్టు సుమారు 150 నుంచి 250 మైక్రాన్లు ఉంటే మేలు. బొట్టు వ్యాసం సగం చేస్తే అవే నీళ్ళకు ఎనిమిది రెట్ల బొట్లు వస్తాయి గానీ, మరీ సన్నమైతే గాలికి పోతాయి, దారిలోనే ఆరిపోతాయి.

తడిస్తే నీలంగా మారే పసుపు కాగితాలు దొరుకుతాయి. నాలుగింటిని ఆకు అడుగున పిన్నుతో గుచ్చి ఉత్త నీళ్ళు కొట్టి చూడండి. చదరపు సెంటీమీటరుకు 20, 30 చుక్కలుంటే ఆకులోకి పాకే మందులకు చాలు. పురుగుకు తగిలితేనే చంపే స్పర్శ మందులకు 50 దాటాలి. కాగితం పసుపుగానే మిగిలితే ఏ గుంపు కొట్టినా ఫలితం అదే.

డ్రోన్‌దారి
డ్రోన్‌తో ఎకరానికి పది లీటర్లలోపు నీళ్ళతో కొడతారు కదా, అది క్యాబేజీ అడుగుకు అందుతుందా?

నాజిల్_నాడి
రెక్కల గాలి ఆకును కొంత తిప్పుతుంది, కానీ అడుగు ఆకు మీద భరోసా లేదు. ఆకు పొరలు దాటి అడుగుకు పాకే ఎమామెక్టిన్ లాంటి మందుకు కొంత నయం, స్పర్శ మందుకు, బీటీకి నమ్మలేం. కాగితాలు పెట్టి చూసుకోండి. లేబుల్‌లో డ్రోన్ వాడకానికి అనుమతి ఉంటేనే, అదీ అందులో చెప్పిన చిక్కదనంలోనే.

మిరపతోడు
వేళ సంగతి కూడా. నడి ఎండలో కొట్టొద్దు. మంద గాలి ఉండాలి, గంటకు 3 నుంచి 15 కిలోమీటర్లు. గాలి అసలే కదలని తెల్లవారుజాము మంచిదనుకుంటారు, కానీ అప్పుడు సన్నటి బొట్లు నేలకు దిగకుండా పొగమంచులాగా తేలుతూ పక్క చేలకు పోతాయి. పైరిథ్రాయిడ్లు చల్లటి వేళ కొడితేనే బాగా చంపుతాయి, వేడి పెరిగేకొద్దీ వాటి పట్టు తగ్గుతుంది. చుట్టుపక్కల పూత ఉంటే తేనెటీగలు గూటికి చేరాకే కొట్టాలి. స్పినోసాడ్ తడి ఆరేదాకా వాటికి ప్రాణాంతకం.

వరిమడి
పైరిథ్రాయిడ్ మాట వచ్చింది కాబట్టి, వరిలో ఆకుముడతకని వాటిని కొడితే సుడిదోమ ఉధృతమవుతుంది. సాలీళ్ళు, మిరిడ్ నల్లులు చచ్చిపోతాయి, కాండంలో దాగిన సుడిదోమ గుడ్లు మాత్రం బతుకుతాయి. ఇతర పంటల్లో ఎర్రనల్లి విజృంభించడం వెనకా చాలాసార్లు ఇదే ఉంటుంది. దాన్ని నిరోధక శక్తి అనుకుని మోతాదు పెంచితే ఇంకా పాడవుతుంది.

తోటబాట
అయితే ఇప్పుడు నా చేనుకు వరుస ఏమిటి? గడ్డ ఇంకా కట్టలేదు.

గుంపు_చూడండి
6, 28 గుంపులు ఈ పంటకు ముగిశాయనుకోండి, అవి ఇక ముట్టొద్దు. మొక్కకు సగటున ఎన్ని పురుగులో లెక్క చూసి, మీ పంట దశకు చెప్పిన నష్ట పరిమితి దాటితేనే మొదలుపెట్టండి. గడ్డ కట్టే దశలో ఆ హద్దు తక్కువ, ఎందుకంటే అమ్మే భాగమే దెబ్బతింటుంది. ఈ గడిలో 5వ గుంపు, స్పినెటోరమ్ లేదా స్పినోసాడ్. వారం తర్వాత లెక్క మళ్ళీ హద్దు దాటితే అదే గుంపు ఇంకోసారి. వచ్చే గడికి 13 లేదా 22ఏ, డబ్బా పరీక్షలో ఏది బాగా చంపితే అది. కోతకు ముందు గడిలో బీటీ, అప్పుడు అవశేషాల బాధ ఉండదు. వేటికైనా లేబుల్‌లో ఉన్న కోతకు ముందు విరామం పాటించాలి, క్యాబేజీకి ఆ మందు అనుమతి ఉందో లేదో ముందే చూడాలి.

సాలెగూడు
ఆ వరుసకు నాదో సవరణ. 5వ గుంపు పరాన్న కందిరీగలకు కూడా హాని చేస్తుంది. గూళ్ళు విప్పి చూసినప్పుడు డయాడెగ్మా బాగా కనిపిస్తే ఈ గడిలో బీటీ ఐజవాయ్ పెట్టి 5ను తర్వాతి గడికి నెట్టండి. పెద్ద పురుగులే ఎక్కువుంటే మాత్రం గుంపు గారి వరుసే సరి.

గుంపు_చూడండి
ఒప్పుకుంటున్నాను, సైజు లెక్క చూశాకే ఆ నిర్ణయం.

బెండకాయ్
ఆవాలు ఎర పంటగా వేస్తే?

సాలెగూడు
తల్లి పురుగు ఆవ మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది, క్యాబేజీ కంటే ముందే మొలిచి ఉండాలి. అయితే ఆవ మీద చేరిన పురుగును అక్కడే చంపకపోతే ఆ వరుసే పురుగుల నారుమడి అవుతుంది. చూసుకునే ఓపిక లేకపోతే వెయ్యొద్దు. స్ప్రింక్లర్ ఉంటే పొద్దుగూకే వేళ కొంతసేపు తిప్పండి, రెక్కల పురుగులు జతకట్టడం, గుడ్లు పెట్టడం తగ్గుతుంది, సన్న పురుగులు కొట్టుకుపోతాయి. మందు కొట్టిన పూట మాత్రం వద్దు.

పెట్రీగిన్నె
పక్క చేనువాళ్ళు కూడా ఇదే గడిలో ఇదే గుంపు వాడేలా మాట్లాడుకోండి. రెక్కల పురుగుకు గట్టు అడ్డం కాదు. మీరు 28 వదిలిన గడిలో పక్కన 28 కొడుతుంటే మీ పొలానికి వచ్చేది అక్కడ బతికి బయటపడ్డదే.

తోటబాట
కోత అయ్యాక మోళ్ళు ఎన్నాళ్ళు ఉంచొచ్చు?

రెండాకులు
ఉంచొద్దు. మోడు మళ్ళీ చిగురేస్తుంది, ఆ లేత ఆకు మీద ఇంకో తరం పెరుగుతుంది, అదీ మీరు కొట్టినవన్నీ తట్టుకుని మిగిలిన పురుగు సంతానం. కోసిన వారంలోపే దున్ని మట్టిలో కలిపెయ్యండి. వెంటనే మళ్ళీ క్యాబేజీ, కాలీఫ్లవర్ నాటకుండా ఆ జాతి కాని పంట ఒకటి వేస్తే పురుగుకు మేత తెగుతుంది.

బెండకాయ్
గట్ల మీద అడవి ఆవ ఉంటే అదీ లెక్కేనా?

రెండాకులు
లెక్కే. ఆవ, ముల్లంగి జాతి కలుపు ఏదున్నా పూతకు ముందే పీకెయ్యాలి.